ఝాలరు మీద నాలుగు వేళ్లు

పసుపు పెట్టనిదే కాశీరాం మొల కొట్టడు. దర్వాజా నిలబెట్టినా, పీట కాలికి చీల దిగ్గొట్టినా, ముందు సుత్తెకు ఇంత పసుపు రాసి దండం పెట్టాల్సిందే. ఆర్మూరులో పసుపుకేం కరువు? ఆ అలవాటే ఆ రోజు అతని కొంప ముంచింది.

పసుపు మార్కెట్లో కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే గంగాదాస్ కొత్త ఇల్లు కట్టాడు. దుబాయిలో ఉన్న బామ్మర్ది ముందుగది కిటికీకి చెక్కపట్టీల పరదా పంపాడు. తాడు లాగితే పట్టీలన్నీ దగ్గరపడి పైకి పోతాయి. ఆ వింత చూడ్డానికి సగం బజారు వచ్చిపోయింది. అయితే పైన ఇనుప పట్టీ, తాళ్ల ముడులు బోసిగా కనబడుతున్నాయని గంగాదాస్ భార్య లసుమవ్వ తెల్లటి సాటిన్ గుడ్డకు కుచ్చులు పోసి, అంచున పూసలు కుట్టి ఝాలరు తయారు చేసింది. మూడు నెలల పని. దాన్ని పలకకు బిగించి కిటికీ నెత్తిన కూర్చోబెట్టమని వడ్రంగి కాశీరాంను పిలిచారు. మర్నాడే గృహప్రవేశం.

ఝాలరును పెళ్లిపందిట్లో చూడ్డమే గానీ, చెక్కకు ఎక్కించడం కాశీరాంకూ అదే మొదలు. ఆ మాట పైకి అంటాడా? మేస్త్రీ అన్న పేరు ఏమైపోవాలి? సుత్తెకు పసుపు రాసి దండం పెట్టాడు. చేతులు కడుక్కోవడం మరిచి గుడ్డ పట్టి లాగాడు. తెల్లటి కుచ్చుల మీద నాలుగు వేళ్లు పచ్చగా దిగాయి.

గుడ్డ పట్టుకుని పెరట్లో నల్లా దగ్గరికి ఉరికి, సబ్బు పెట్టి రుద్దాడు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఆ ఊళ్లో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. కాశీరాం ఏనాడూ తన తువ్వాలు తాను ఉతుక్కున్న పాపాన పోలేదు. పచ్చటి వేళ్లు కాస్తా నెత్తుటి వేళ్లయ్యాయి. పనిమనిషి ముత్తవ్వ అక్కడే నేల కడుగుతోంది గానీ, ఆమెను అతను లెక్కలోకే తీసుకోలేదు.

అంతలో లసుమవ్వ వచ్చింది.

“అయ్యో, గిదేంది! ఎవ్వరు ముట్టిండ్రు దీన్ని?”

కాశీరాం గుడ్డను నల్లా కింద వదిలేసి పక్కకు జరిగాడు. లసుమవ్వ చూపు తిన్నగా ముత్తవ్వ మీదికి పోయింది. ముత్తవ్వ పొద్దున ఇక్కడ పని చేసి, పగలంతా మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరుతుంది. ఆమె అరచేతులు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి.

“నీ చేతులేనా ముత్తవ్వా? ముట్టకుమని ఎన్నిసార్లు చెప్పిన? రేపటిసంది పనికి రాకు.”

ముత్తవ్వ కాశీరాం చేతుల వంక చూసింది. అతను వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. చెప్పేస్తుంది, పరువు పోతుంది అనుకున్నాడు. ఆమె చెప్పలేదు. ఝాలరు తీసుకుని ఉత్త నీళ్లలో జాడించింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. మిద్దె మీద ఆరేసి వచ్చి, “ఎండకు వోతదమ్మా,” అని చెప్పి మార్కెట్‌కు వెళ్లిపోయింది.

పొద్దు వాలేసరికి మరక నిజంగానే పోయింది. కాశీరాం ఝాలరు బిగించాడు. తాడు లాగి చూశాడు, పరదా ఎక్కడా తట్టుకోలేదు.

“నీ చెయ్యి వడ్డంక తిరుగేముంటది కాశీరాం!” అంది లసుమవ్వ.

అతనికి తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, గా మరక ముత్తక్కది గాదు. నాది. సుత్తెకు వెట్టిన పసుపు.”

లసుమవ్వ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. “గింతేనా? నువ్వయితే ఏమాయె తియ్యి. పసుపు శుభమే గద! దాన్ని రేపు రమ్మని చెప్పు.”

గింతేనా! పొద్దున్నుంచి తను వణికింది ఈ నవ్వుకా? నోరు విప్పి ఉంటే పోయేదేమీ లేదు. ఇంతోటి దానికి ఒక ఆడదాని పని పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. లసుమవ్వ నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మార్కెట్లో ముత్తవ్వ నలుగురు ఆడవాళ్లతో కుప్ప ముందు కూర్చుని కొమ్ములు ఏరుతోంది.

“అక్కా, రేపు రమ్మన్నది. నేనే ముట్టిన్నని చెప్పిన.”

“ఏమన్నది?”

“నవ్వింది.”

ముత్తవ్వ చేతులు ఆగాయి. “నవ్వే ముచ్చట చెప్పనీకి నీకు గింత పొద్దువట్టిందా, తమ్మీ?”

ఆమె మళ్లీ ఏరడంలో పడింది. అక్కడ అందరి చేతులూ పచ్చగానే ఉన్నాయి. అతను మాత్రం తన చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డాడు.