పటం లేని పుస్తకం

సూర్యకాంత్ గురూజీ ఇంట్లో నాలుగు వందల పాత పుస్తకాలున్నాయి, అన్నీ యుద్ధాలవే. అట్టల మీద టోపీలు, పతకాలు, మీసాలు, నోట్లో చుట్టలు. లక్షల మందిని చంపించిన మహానుభావులంతా ఆయన బీరువాల్లో దుమ్ము పడకుండా సుఖంగా ఉన్నారు. నాందేడ్ కాలేజీల వాళ్ళు కూడా వచ్చి చూసిపోతుంటారు. వచ్చినవాళ్ళకు గురూజీ ఒక మాట తప్పకుండా చెబుతాడు, "మా తాత బర్మా లడాయిల జవాను" అని.

అది పచ్చి అబద్ధం. తాత మారయ్య భోకర్ పక్క పల్లెలో గుంట భూమి లేని మనిషి. లడాయికి పోయిందీ కూలికే, రోడ్లు వేసే కూలి దండులో. అక్కడే పోయాడు. దండు నంబరు చెప్పి నోటి కబురొచ్చిందే తప్ప కాగితం రాలేదు. గురూజీ తల్లి ముత్తవ్వ అప్పటికింకా కడుపులోనే ఉంది. ఎనభై దాటినా ఆమెకు ఒకటే కోరిక, తండ్రి పేరు ఎక్కడైనా రాసి ఉంటే వేలు పెట్టి చూడాలని. కొత్త పుస్తకం ఇంటికొచ్చినప్పుడల్లా అడుగుతుంది.

"దీంట్లనన్న మా నాయన ఉన్నడా కొడుకా?"

ఉండే పుస్తకం ఒకటుంది. ఆ కూలి దండులో చనిపోయినవాళ్ళ పేర్లతో పల్చటి పుస్తకం ఒకటి అచ్చయిందని గురూజీ ఎక్కడో చదివాడు. పదకొండేళ్ళుగా దానికోసమే దేవులాడుతున్నాడు.

పాత కాగితాలు కొనే కైలాస్ దుకాణంలో ప్రతి పుస్తకానికీ అట్ట పీకేస్తారు. అట్టలొక కుప్ప, కాగితాలొక కుప్ప. మిల్లువాళ్ళు అలాగైతేనే తీసుకుంటారు. కైలాస్‌కు ఇంగ్లీషు రాదు కనుక గురూజీ ఒక గుర్తు చెప్పి పెట్టాడు. "టోపీ వెట్టుకున్న పెద్దోళ్ళ పటం ఉంటె చింపకు, నాకియ్యి." పల్చటి పుస్తకం సంగతి మాత్రం నోటికి రాలేదు. చెబితే, కూలోళ్ళ పేర్లు మీకెందుకని అడుగుతాడు కదా. సిగ్గేసింది.

మొన్న మంగళవారం కైలాస్ ఆయన కోసం ఒక లావు పుస్తకం తీసి ఉంచాడు. మూలలు నలగకుండా దాని కింద ఒక బూడిదరంగు అట్టముక్క పెట్టి కట్టాడు. ఆ ముక్క మీద ఇంగ్లీషులో మారయ్య దండు నంబరు ఉంది. దాని కింద, మృతుల జాబితా అని ఉంది.

గురూజీ కట్టు విప్పి ఆ ముక్కను బయటికి లాగాడు. "దీని లోపలి కాగితాలేవి?"

"పొద్దుగాల్నే మిల్లు బండిల పోయినయి గురూజీ, ఈపాటికి గుజ్జయి ఉంటయి. పటం లేకుండె, అన్ని పేర్లే. లడాయిల సచ్చిన కూలోళ్ళవంట, తెచ్చినాయన చెప్పిండు. మీ తాత జవాను గద, మీకెందుకనుకున్న."

కైలాస్‌ను ఒక్క మాట అనడానికి లేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు.

గురూజీ ఇంటికొచ్చి ఆ అట్టను తల్లి ఒళ్ళో పెట్టి, జరిగిందంతా చెప్పాడు. జవాను మాట కూడా దాచలేదు. ముత్తవ్వ అట్టను వెనక్కి తిప్పింది. కాగితాలు పీకిన చోట దారాలు వేలాడుతున్నాయి. వాటిని వేలితో తడిమింది.

"మా నాయన కూలికి పోయిండు కొడుకా," అంది. "దొంగతనానికి పోలే."

లావు పుస్తకం గడప దగ్గరే ఉంది. దాంట్లో ఎవరున్నారని ఆమె అడగలేదు.