పార్సిల్ మీద పేరు

"దీవెనా, పకోడీలు ఇంకా కాలేదా? ఇక్కడ గొంతులు ఆరిపోతున్నాయి!"

జయపాల్ వేసిన కేకకి హాలంతా నవ్వింది. పకోడీలతో గొంతులు ఎలా తడుస్తాయో దీవెనకి అర్థం కాలేదు గానీ, మంట పెంచి మరో వాయి వేసింది. ప్రతి శనివారం సాయంత్రం గుణదలలో వాళ్ళింట ఇదే తంతు. చర్చి పాటల బృందానికి జయపాలే పెద్ద. కీబోర్డు అతనిది, గిటారు అతని స్నేహితుడు యేసుబాబుది, తక్కిన ముగ్గురూ గొంతు కలిపేవాళ్ళు. మేరీమాత తిరునాళ్ళు దగ్గరపడే కొద్దీ పాటలు పెరిగాయి, పాటలతోపాటు టీలు పెరిగాయి. సూర్యారావుపేటలోని రక్తపరీక్షల ల్యాబులో పొద్దుటినుంచీ నిలబడి వచ్చిన దీవెన, చెప్పులు విప్పుతూనే వంటింట్లోకి దూరేది.

ఆ రోజు కొత్త పాట నేర్చుకుంటున్నారు. చరణం మధ్యలో ఒక చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఏదో పంటి కింద రాయిలా తగులుతోంది. వాళ్ళు మళ్ళీ మొదటికి వెళ్ళేవారు, మళ్ళీ అక్కడే తగిలేది. పళ్ళెం పట్టుకుని హాల్లోకి వచ్చిన దీవెన నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"అక్కడ జి కాదు యేసుబాబూ, ఇ మైనర్ పట్టి చూడు."

జయపాల్ పళ్ళెంలోంచి ఒక పకోడీ తీసుకుని కొరికి, "ముందు దీంట్లో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవోయ్. మైనర్లూ మేజర్లూ మేం చూసుకుంటాంలే" అన్నాడు. అందరూ నవ్వారు. దీవెన కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. వంటింట్లోకి వచ్చి టీగిన్నె దించుతుంటే పాట మళ్ళీ మొదలైంది. చరణం మధ్యలో యేసుబాబు ఇ మైనరే పట్టాడు. పాట చక్కగా కుదురుకుంది.

"ఆఁ, ఇప్పుడు కుదిరిందిరా! అందుకేరా నువ్వంటే నాకిష్టం" అంటూ జయపాల్ అతని భుజం తట్టిన చప్పుడు కూడా వినబడింది.

ఉప్పు సరిపోయిందా లేదా అని ఆమె ఆలోచించలేదు. టీగ్లాసు మీద తన వేళ్ళు, గిటారు మీద ఇ మైనర్ పట్టినట్టే వంగి ఉండటం చూసుకుంది. ఇన్నేళ్ళయినా అవి మరిచిపోలేదు.

ఇబ్రహీంపట్నంలో పెరిగింది దీవెన. థర్మల్ స్టేషన్లో పనిచేసే తండ్రి ఏసుపాదం, కూతురు చర్చిలో పక్కవాళ్ళ గిటారు వంకే చూస్తోందని, ఎవరో వాడి వదిలేసిన దాన్ని తెచ్చి బాగు చేయించి ఇచ్చాడు. ఆ గిటారుతో ఆమె యువజనుల బృందాన్నే నడిపింది. పెళ్ళిచూపుల్లో జయపాల్ వాళ్ళు ముచ్చటపడింది కూడా ఆ వాయింపు వినే. కాపురానికి వచ్చేటప్పుడు గిటారూ వెంట వచ్చింది. అత్తగారు శౌరమ్మ, "కోడలు ఒళ్ళో గిటారు పెట్టుకు కూచుంటే వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారమ్మా" అన్నది. జయపాల్, "అమ్మకి నచ్చట్లేదు, కొన్నాళ్ళు పైన పెట్టేద్దాంలే" అన్నాడు. గిటారు అటకెక్కింది. డయానా పుట్టింది. ల్యాబు ఉద్యోగం వచ్చింది. ఒకసారి గన్నవరంలో ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు మంచం వెనక మెడ విరిగిన గిటారు కనబడితే, ఇదెక్కడో చూసినట్టుందే అనుకుంది. మూలన గీసిన తన పేరులోని మొదటి అక్షరం చూశాక గాని గుర్తుపట్టలేదు. "అన్నయ్య పిల్లలకిచ్చాడుగా వదినా, నీకు చెప్పలేదా? పాతదేగా" అంది ఆడపడుచు. దారిలో జయపాల్‌ని అడిగితే, "వాడని వస్తువు కోసం ఏడుస్తావేంటి?" అన్నాడు. వాడనిచ్చారా అని అడగాలనిపించింది. బస్సులో జనం ఉన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఏదో ఒక జనం ఉంటూనే ఉన్నారు.

ల్యాబులో అందరికన్నా బాగా నరం దొరకబుచ్చుకునేది దీవెనే. చిన్నపిల్లలొచ్చినా, నరాలు ఎండిపోయిన ముసలివాళ్ళొచ్చినా ఆమెనే పిలుస్తారు. జీతం పెంచేటప్పుడు మాత్రం, "మీకేంటమ్మా, మీ ఆయన సంపాదన ఉందిగా" అంటాడు మేనేజరు. ఆ మాట ఇంట్లో చెబితే జయపాల్, "నిజమేగా" అన్నాడు.

కొత్త పాట కుదిరిన ఆ వారమే, మధ్యాహ్నం భోజనం డబ్బా ముందు పెట్టుకుని ఫోను చూస్తుంటే ఒకావిడ గిటారు వాయిస్తున్న వీడియో వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి. ఆవిడ చేతిలోది మామూలు గిటారులా లేదు. పెద్ద ఫిడేలులాగా దాని పొట్టకి రెండు వైపులా వంపు తిరిగిన సన్నటి రంధ్రాలున్నాయి. సెమీ హాలో అంటారట. లోపల రెండు పక్కలా డొల్ల, నడుమ మాత్రం నిలువునా గట్టి చెక్క. శబ్దం పెంచే ఆంప్లిఫయర్ పెట్టెకి తగిలిస్తే వీధంతా వినపడేలా మోగుతుంది. తగిలించకపోయినా ఆ డొల్ల మూలంగా, వాయించేవాళ్ళు వినడానికి సరిపడా గొంతు ఉంటుంది. దీవెన అన్నం కలపడం ఆపేసి ఆ వీడియో మళ్ళీ చూసింది.

ఆ రోజునుంచి ఆమె మధ్యాహ్నాలు మారిపోయాయి. పేరున్న కంపెనీలవి స్కూటరు ధర పలుకుతున్నాయి. అంతగా పేరులేని కంపెనీలు అదే ఆకారంలో, అందుబాటు ధరలో చేసినవీ ఉన్నాయి. వాటి కింద కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ చదివింది, అదీ తిట్టినవాళ్ళవి ముందు. రిపోర్టులో తేడా ఉన్న అంకెలే ముందు చూసే వృత్తి మరి. ఒకతను తీగలు బిగించే మీటలు వదులుగా ఉన్నాయన్నాడు. ఒకమ్మాయి తీగలు ఎత్తుగా ఉండి వేళ్ళు నొప్పెట్టాయంది. ఇంకొకాయన, ఈ ధరకి ఇంత మంచి గొంతు వస్తుందనుకోలేదని రాశాడు. మెడ నిటారుగా ఉంటే తక్కినవి సరిచేసుకోవచ్చని ఆమెకి తెలుసు. పండిన చెర్రీపండు రంగులో ఉన్న ఒకదాని దగ్గర మనసు ఆగింది.

జీతం పడే ఖాతా కార్డు జయపాల్ పర్సులో ఉంటుంది. అందుకని ఆదివారాలు తెల్లారుజామున పటమటలో, బెంజి సర్కిల్లో ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే పని అడిగి మరీ తీసుకుంది. ఆ డబ్బు ఆమె ఫోన్లోకే వచ్చేది. చర్చిలో పూజ మొదలయ్యేలోపే ఇంటికి చేరి, కూర చేసి, చీర మార్చుకుని చర్చికి వెళ్ళేది. అలసటగా ఉండేది గాని, ఆ అలసట ఎందుకో తెలిసిన అలసట.

ఆర్డరు పెట్టే రోజున అడ్రసు దగ్గర చెయ్యి ఆగింది. ముందు ల్యాబు అడ్రసు కొట్టింది. తర్వాత ఆలోచించింది. అంత పెద్ద పెట్టెని ల్యాబునుంచి ఎలా తీసుకెళ్ళాలి? ఎవరూ లేని వేళ ఏ బీరువా వెనక దాచాలి? ఇల్లు ఊడ్చేది తను, అందులో బియ్యం ఎంతున్నాయో గ్యాసు ఎప్పుడయిపోతుందో తెలిసింది తనకి. ఆ ఇంట్లోకే దొంగసరుకులా తెచ్చుకోవాలా? ల్యాబు అడ్రసు చెరిపేసి గుణదల ఇంటి అడ్రసు కొట్టింది. పేరు దగ్గర ఎప్పుడూ పెట్టే జయపాల్ పేరు తీసేసి తన పేరు పెట్టింది.

పార్సిల్ శనివారమే వచ్చింది. దీవెన ఇల్లు చేరేసరికి గుమ్మంలో అట్టముక్కలు, బుడగల కాగితం చెల్లాచెదరుగా పడున్నాయి. హాల్లో యేసుబాబు ఒళ్ళో ఎర్రగా మెరుస్తోంది గిటారు. చుట్టూ అందరూ మూగి ఉన్నారు.

"రా రా! ఎంత పని చేశావే!" జయపాల్ ఎదురొచ్చాడు. అతని ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. "తిరునాళ్ళకి సర్‌ప్రైజా? నాకొక్క ముక్క కూడా చెప్పలేదు. మేం కొందాం కొందాం అనుకుంటూనే ఉన్నాం."

"వదినంటే వదినే" అన్నాడొకాయన. "మా ఆవిడ ఎప్పుడన్నా ఒక తీగముక్క కొనిపెట్టిందా?"

దివాను మీద కూచున్న శౌరమ్మ గొణిగింది. "నేను చెబుతూనే ఉన్నా. పెట్టె మీద అమ్మాయి పేరుందంటున్నార్రా, అది వచ్చాక విప్పుదురు గాని అని. వింటేనా?"

దీవెన సంచి భుజాన్నుంచి దించకుండా అలాగే నిలబడింది. ఎంత తేలికో అనిపించింది. ఒక్క నవ్వు నవ్వితే చాలు. ఈ సాయంత్రమంతా పొగడ్తలే. జయపాల్ వారం రోజులు ప్రేమగా ఉంటాడు, చర్చిలో నలుగురికీ చెప్పుకుంటాడు. గిటారు యేసుబాబు చేతుల్లో వాళ్ళింటికి వెళ్ళిపోతుంది. తను వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మంచి భార్య అనిపించుకోవడం ఎప్పుడూ ఇంత తేలికే. ఆ తేలికకే పదహారేళ్ళు గడిచిపోయాయి.

"అది మీకోసం కాదండీ" అంది. "నాకోసం తెప్పించుకున్నాను."

"నీకా? నీకెందుకు?"

"వాయించుకోడానికి."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. దీవెన సంచి కింద పెట్టి రెండు చేతులూ చాచింది. యేసుబాబు జయపాల్ వంక చూశాడు, దీవెన వంక చూశాడు, లేచి గిటారు ఆమెకి అందించాడు. ఆమె కూర్చోడానికి చోటు వెతికింది. ఆ హాల్లో శనివారం సాయంత్రాలు ఆమెకంటూ ఒక చోటు ఎప్పుడూ ఉండేది కాదు. శౌరమ్మ మోకాళ్ళు పట్టుకుని దివాను మీద కాస్త పక్కకి జరిగింది.

తీగలు శ్రుతిలో లేవు. ఒక్కొక్కటీ చెవికి ఆనించుకున్నంత దగ్గరగా వంగి సరిచేసుకుంది. మెడ చివర రెండు మూడు లోహపు పట్టీల అంచులు వేలికి గీసుకున్నాయి, సన్న ఇసుక కాగితంతో రుద్దితే పోతుందనుకుంది. పెళ్ళికి ముందు వాయించిన పాటొకటి మొదలుపెట్టింది. వేళ్ళు మొరాయించాయి. ఒక చోట తీగ బొంగురుగా పలికింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి అందుకుంది. ఏ పెట్టెకీ తగిలించకుండానే ఆ గొంతు ఆమె ఛాతీకి ఆనుకుని సన్నగా మోగింది. పక్కనే కూచున్న శౌరమ్మకి వినబడింది. యేసుబాబుకి వినబడింది. జయపాల్ కీబోర్డు స్విచ్చి తీసేసి, "ఇవాళ్టికి చాల్లే, పదండి" అన్నాడు.

అందరూ వెళ్ళాక అతను తలుపు గట్టిగా వేశాడు. "నలుగురిలో నా పరువు తీశావు. సరేనని ఒక్క మాట నవ్వుతూ అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఇన్నేళ్ళూ నవ్వుతూనే అన్నానండీ. పోతూనే ఉంది."

నాలుగు రోజులు అతను మాట్లాడలేదు. తర్వాత ఉన్నట్టుండి మామూలుగా అయిపోయాడు. కాఫీ బావుందన్నాడు, హాస్టల్లో ఉన్న డయానాకి ఫోను చేసి సరదాగా కబుర్లు చెప్పాడు. దీవెనకి ఊపిరి తిరిగింది. తను ల్యాబునుంచి వచ్చాక కాసేపు దివాను మీద కూచుని వాయించుకుంటుంటే అటు రాకుండా తిరిగేవాడు. అంతకంటే ఆమె కోరుకున్నదీ లేదు.

ఆమెకి వారపు సెలవు రోజున మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో నెరిసిన మీసాలాయన, భుజాన పెద్ద సంచి.

"గిటారు రిటర్న్ అండి."

"రిటర్నా? ఎవరు పెట్టారు?"

ఆయన తన ఫోన్లో చూసి, "మీ పేరు మీదే ఉందండి. కారణం... పొరపాటున ఆర్డరు చేశారంట" అన్నాడు.

దీవెన వెనక్కి తిరిగి చూసింది. గది గుమ్మంలో జయపాల్ నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో అడగక్కర్లేకపోయింది. ఫోను కొన్న రోజున దాని తాళానికి తమ పెళ్ళి తేదీ పెట్టింది అతనే. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటి అన్నాడు. అతని ఫోను తాళం ఏమిటో ఆమెకి నేటికీ తెలియదు. పొద్దున తను స్నానానికి వెళ్ళినప్పుడు చేసి ఉంటాడు.

"ఇచ్చెయ్యి" అన్నాడు జయపాల్, ఎంతో నెమ్మదిగా. "డబ్బులు నీకే వస్తాయిగా. నీకు నష్టమేముంది? ఈ వయసులో ఎవరికి వినిపించాలని?"

పొరపాటున. ఆ మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. అన్ని మధ్యాహ్నాలు చదివి, అన్ని తెల్లారుజాములు తిరిగి, అడ్రసు చెరిపి మళ్ళీ రాసి తను చేసిన ఒకే ఒక్క పనికి, తన పేరుతోనే, పొరపాటు అని రాశాడు.

"పొరపాటు కాదండి" అంది ఆ పెద్దాయనతో. "కావాలనే కొనుక్కున్నాను. రిటర్న్ నేను పెట్టలేదు. ఏం చెయ్యాలి?"

"మీ ఫోన్లో క్యాన్సిల్ కొడితే సరిపోద్దమ్మా."

అక్కడే, జయపాల్ చూస్తుండగానే కొట్టింది. ఆయన తన ఫోన్లో సరిచూసుకుని, సంచి సర్దుకుని మెట్లు దిగిపోయాడు. దీవెన తలుపు వేసి, గుమ్మం పక్కనే నిలబడి ఫోన్లో ఇంకేవో మీటలు నొక్కుతూ ఉండిపోయింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు జయపాల్.

"ఫోను తాళం మారుస్తున్నా."

అతను, కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడిగినంత మామూలుగా, "ఏం పెట్టావ్?" అన్నాడు.

దీవెన తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"మీకెందుకండీ?" అంది.

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అతను నోరు తెరిచాడు. జవాబు కోసం ఆమె ఓపిగ్గా ఎదురుచూసింది.