ఏడు కిలోమీటర్ల అల

ఏడేమిటి, సరిగ్గా ఏడేమిటి, ఆరో తొమ్మిదో వచ్చినా బాగుండేది, తెర మీద మాత్రం ఏడే ఉంది, గెలాక్సీ పళ్లెం అంచున ఉన్న నక్షత్రాలన్నీ సెకనుకు ఏడు కిలోమీటర్ల చొప్పున పైకి లేస్తున్నాయట, మన సూర్యుడు పైకి పోయే వేగమూ అంతేనాయె, ఇలాంటివి ఊరికే కుదరవు అనుకుంటూ ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది, పక్క గదిలో ఎవరో ప్రింటర్‌ని తిట్టిపోస్తున్నారు, సాయంత్రం భర్త దీని మీద రాసిన వ్యాసం పరిశోధన పత్రికకు పంపేస్తాడు, పంపేముందు ఒక్కసారి చూసిపెట్టు తల్లీ, తప్పులుంటే కడిగెయ్, మొగుణ్ణని మొహమాటపడకు అని పొద్దున బూట్లు వేసుకుంటూ అన్నాడు, మొహమాటమా, తనకా, అని అప్పుడు నవ్వింది కూడా.

ఈ సంస్థలో చేరిన నాటి నుంచీ అతను మేడంగారి ఆయనే, ఉద్యోగం ఆవిడ చలవేనని వెనక గుసగుసలు, అవి అతని చెవిన పడకపోలేదు, నక్షత్రాల సర్వే కొలతల్లో పళ్లెం అంచు ఇలా అలలా లేస్తోందని బయటపడ్డాక మాత్రం క్యాంటీన్ అతను కూడా రండి అలలాయనా అంటున్నాడు, ఛ ఊరుకోవయ్యా అంటూనే ఎంత మురిసిపోతాడో, మొగుడి ఉద్యోగ కాంట్రాక్టు పొడిగించేదీ ఈ వ్యాసం చూసే, ఆ అల ఎందుకొచ్చిందో తేల్చడానికి కంప్యూటర్లో కోట్ల చుక్కలతో పళ్లెం చేసి తిప్పితే అంచు చచ్చినా లేవలేదు, చివరికి ఒక చిన్న గెలాక్సీని తెచ్చి ఢీకొట్టిస్తే లేచింది, ఆ రోజు ఇంట్లో గంతులేశాడు, అయితే దగ్గరి నక్షత్రాల వేగాలు ఒక సర్వేవి, అంచున ఉన్న దూరపువి వేరే బృందం పట్టికలోవి, మనం సూర్యుడితోపాటు కదులుతూ కొలుస్తాం గనక మన కదలికను లెక్కలో కలిపి సరిచెయ్యాలి, ఆ బృందం వాళ్లు సరిచేసే ఇచ్చారు, ఇదిగో పట్టిక పైనే రాసి ఉంది, అతని ప్రోగ్రామ్ అన్నిటినీ కలిపి మళ్లీ సరిచేసింది, ఉప్పేసిన కూరలో ఇంకోసారి ఉప్పు వేసినట్టు, ప్రోగ్రామ్‌లో సరిచేసే ఆ వరస దూరపు నక్షత్రాలకు వర్తించకుండా ఆపి ఆమె మళ్లీ నడిపించింది, ఆ ఏడు పోయింది, అల లేదు, పళ్లెం చదునుగా ఉంది.

అతను తలుపు తోసుకుని రెండు టీలతో వచ్చాడు, ఏంటి మేడంగారూ, పాసా ఫెయిలా అన్నాడు, ఇటు రా, ఈ దూరపు పట్టిక వాళ్లు సరిచేసి ఇచ్చిందే కదా అంది, ఆఁ, అయితే అన్నాడు, మరి నువ్వూ సరిచేశావుగా అంది, అతను కప్పులు కింద పెట్టి పట్టిక పైభాగం చదివాడు, మళ్లీ చదివాడు, మెడ వెనక రుద్దుకున్నాడు, మరి ఆ ఢీకొట్టిన గెలాక్సీ అన్నాడు, దాని అవసరం కూడా లేదు అంది, తన గొంతు ఇంత మామూలుగా ఉందేమిటి అని ఆమెకే అనిపించింది, టీ మీద మీగడ కడుతోంది, అంటే ఇవాళే కాదు, ఇంకెప్పుడూ పంపలేం, అంతేగా అన్నాడు, అంతే అంది, పోన్లే, నువ్వు చూశావు గనక సరిపోయింది, బయటివాళ్లు పట్టుకుని ఉంటే తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణి అని ఆమె మొహంలోకి చూసి, అలా నవ్వి నన్ను ఊరడించక్కర్లేదులే అన్నాడు.

నవ్వుతోందా తను, చెంప తడుముకుంది, నవ్వుతోంది, కాలరు సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగిన అతన్ని చూస్తే జాలేసింది, నిజంగానే వేసింది, కానీ ఈ నవ్వు జాలికి పుట్టింది కాదు, అతను తలుపు తియ్యకముందే, గదిలో ఊరడించడానికి ఎవరూ లేనప్పుడే, తెర మీద ఆ పళ్లెం చదునుగా కనబడగానే వచ్చింది, వచ్చి పోలేదు, ఇన్నాళ్లూ తను అతని పని దిద్దిపెట్టింది, పక్కన నిలబడింది, అందరితో మా ఆయన మా ఆయన అని చెప్పుకుంది, అదంతా అబద్ధం కాదు, అయినా అతను మళ్లీ మేడంగారి ఆయనగా తన వెనక్కి వచ్చేసినందుకు ఆమెకు ముందు సంతోషమే వేసింది.