కొండల్ కారుకు నేను వేసిన ప్లేటు

మా కరీంనగర్ చుట్టుపక్కల రోడ్ల మీద స్పోర్ట్స్ కారు నడిపేవాడికి నడుమైనా గట్టిగా ఉండాలి, తెలివైనా తక్కువ ఉండాలి. కొండల్‌కు రెండూ సరిపోయాయి. దుబాయిలో పన్నెండేళ్లు డ్రైవరుగా చేసి వచ్చి, హైదరాబాద్‌లో ఎవరో వాడి వాడి వదిలేసిన ఇరవై రెండేళ్ల ఎర్ర కారును ముచ్చటపడి తెచ్చుకున్నాడు. రెండే సీట్లు. ఇంజన్ ముందు, బండిని నడిపేవి వెనక చక్రాలు. జమ్మికుంట దగ్గర వాళ్ల ఊళ్లో అందరూ వాణ్ని ఒకటే ఆటపట్టించేవాళ్లు, ఒక్క పత్తి బస్తా పట్టని బండీ ఒక బండేనా అని.

ఆ మాట వాడికి బాగానే తగిలినట్టుంది. దీపావళి దాటాక ఓ రోజు కారు నా షెడ్డుకు వచ్చింది. గేరు మార్చినప్పుడల్లా వెనక దడేల్‌మంటోంది. జాకీ పెట్టి ఎత్తి చూశాను. షాఫ్టు జాయింటు పగిలింది. వెనక చక్రాలు రెంటికీ ఇంజన్ బలాన్ని పంచే క్రౌన్‌లో పళ్లు విరిగాయి. పాత బండికి అవి మామూలే. కానీ క్రౌన్‌ను మోసే చోట ఛాసిస్ ఇనుమే చీలింది. పక్కన తాడు ఒరుసుకున్న గుర్తు.

"ఏం గుంజినవ్‌రా దీంతోని?"

"ఏం గుంజలే ఇర్షాద్ భాయ్."

"మరి గీ తాడు గుర్తు యాడికెళ్లి వచ్చింది?"

"నాగయ్య మామ ట్రాలీ మార్కెట్ కాడ బురదల దిగవడ్డది. పత్తి లోడు. అందరు జూస్తున్నరు. జర గుంజిన."

"ఎల్లిందా?"

"ఎల్లింది!" అన్నాడు. ఎంత సంబరమో మొహంలో.

కడుపునిండా తిట్టాను. తిట్టి నేను చేసిన ఘనకార్యం ఏమిటి? అది పల్చటి ఇనుము, లోపలంతా తుప్పు. చెడిన మేర కోసేసి, అంతే మందం ఇనుము అతకాలి. ఇలాంటి బండి నేనెప్పుడూ చెయ్యలేదు, హైదరాబాద్ తీసుకుపో అని చెప్పాల్సింది. నోరు రాలేదు. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్ ట్రాలీలు అతుకుతున్నాను. ఇర్షాద్ వెల్డింగ్ ఊడదని పెద్దపల్లి దాకా పేరుంది. ఆ పేరు నా నెత్తికెక్కి కూర్చుంది. విరిగిన భాగాలు మార్చి, ట్రాలీకి వేసినట్టే మందపాటి ప్లేటు వేసి, చుట్టూ బాగా కాల్చి, నల్లరంగు కొట్టి, "ఇగ ఫికర్ లేదు పో" అన్నాను.

నిన్న కొండల్ మళ్లీ వచ్చాడు. ఈసారి పక్క సీట్లో వాళ్లమ్మ బాలవ్వ ఉంది. బోథ్‌లో ఉండే ఆమె చెల్లెలు గంగుబాయి దగ్గరికి ప్రయాణం. నిర్మల్ ఘాట్ దాటిపోవాలి. నేలకానుకుని పోయే ఆ కారు ఎక్కనే ఎక్కనని మొండికేసిన మనిషి ఇన్నాళ్లకు ఒప్పుకుంది. కొండల్ ఆనందం చూడాలి.

"జర క్రౌన్ ఆయిల్ జూడు భాయ్. పోతం."

బాలవ్వకు స్టూలు వేసి, చాయ్ చెప్పి, కారు కిందికి దూరాను. ఆయిల్ బాగానే ఉంది. నా ప్లేటూ బాగానే ఉంది. దాని అంచు వెంట పాత ఇనుము జానెడు పొడవున పగిలింది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే లోపలికి దిగిపోయింది, తుప్పు నా మొహం మీద రాలింది. ఘాట్ మలుపులో అది పూర్తిగా చీలితే బండి లోయ వైపు తిరగదని ఎవరు చెప్పగలరు?

మళ్లీ దేన్నో గుంజినవ్ గదరా అని వాడి మీదికే తోసెయ్యొచ్చు. వాడు నమ్ముతాడు కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాను. "కారు పోదు కొండల్. ఛాసిస్ మళ్ల పగిలింది. గీసారి తప్పు నీది గాదు, నాది. గంత పల్చటి ఇనుముకు గంత మందం ప్లేటు వెయ్యద్దు, గంత కాల్చద్దు. నాకు రాని పని వస్తదని జేసిన."

చాయ్ గ్లాసు కింద పెట్టి బాలవ్వ అంది.

"వచ్చేటప్పుడు ఎనుక టక్కుటక్కుమని సప్పుడు అయ్యింది బిడ్డా. భయమైతుంది, మెల్లగ పోరా అన్న. ఇర్షాద్ భాయ్ జేసిన పని అవ్వా, ఏం గాదని ఇంకింత ఉరికిచ్చిండు."

పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాను. కొండల్ తాళంచెవి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"తెల్వదని గప్పుడే అంటే అయిపోతుండె గద భాయ్."

అంతే అన్నాడు. అవ్వ సంచి భుజానికి తగిలించుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.