థెల్మా చెప్పిందట

ఆ పేరు మా ఇంట్లో మొదటిసారి వినిపించింది ఒక సోమవారం రాత్రి భోజనాల దగ్గర. "చక్కెర ఒకేసారి పొయ్యొద్దని థెల్మా చెప్పింది" అన్నాడు మా ఆయన, బఠాణీలు నములుతూ. ఎవరా థెల్మా అని నేనడగలేదు. అడిగితే ఆ పేరుకి లేని విలువ ఇచ్చినట్టవుతుందని ఊరుకున్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. బుధవారానికి పూటకి రెండుసార్లు.

మా ఆయన పేరు క్లిఫ్. ఇరవై తొమ్మిదేళ్ళు స్టీలు మిల్లులో కొలిమి దగ్గర పనిచేశాడు. మిల్లు మూసేసి అప్పటికి పద్నాలుగు నెలలు. నేను బడి వంటశాలలో పిల్లలకి భోజనం వండి వడ్డించే పనిలో ఉన్నాను కాబట్టి ఇల్లు గడుస్తోంది. సాయంత్రం క్లబ్బుకి వెళ్ళి రెండు గ్లాసుల బీరు తాగడం క్లిఫ్‌కి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. నా జీతంతో తాగడానికి మనసొప్పక దాన్ని మానేశాడు. నేను వెళ్ళమన్నా వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుండేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు చంకలో డబ్బా పెట్టుకుని హుషారుగా ఇంటికొచ్చాడు. ఇంట్లో బీరు చేసుకునే కిట్టు అది. డబ్బాలో నల్లగా, చిక్కగా మాల్టు పాకం ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో కలిపి, కిలో చక్కెర పోసి, ఈస్టు పొట్లం చల్లి మూత పెట్టాలి. వారం రోజులు పొంగి, సీసాల్లోకి ఎక్కి, ఇంకో రెండు వారాలు కూర్చుంటే నలభై గ్లాసుల బీరు. క్లబ్బులో ఒక గ్లాసు కొనే డబ్బుకి ఇంట్లో అరడజను వస్తాయన్నాడు. నాకూ సంతోషమే అనిపించింది. సంతలో కొన్న ప్లాస్టిక్ చెత్తబుట్టలో బీరేమిటని అడిగాను గానీ, కొత్తదేగా అన్నాడు. ఖాళీ సీసాలు క్లబ్బు వెనక ఏరుకొచ్చాడు. నా కస్టర్డు కోసం దాచిన చక్కెర కూడా అందులోకే పోయింది. పోనీలే అనుకున్నాను.

మేడమీద వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అల్మారాలో తువ్వాళ్ళు ఆరేసుకుంటాం. ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. తువ్వాళ్ళన్నీ తీసి కుర్చీ మీద పడేసి, బుట్టని అక్కడ ప్రతిష్ఠించాడు. లోపల్నుంచి బుడుక్, బుడుక్ మని ఒకటే చప్పుడు. క్లిఫ్ తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని అది వినేవాడు. నాకు నూట రెండు జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు ఎక్కడుందని నన్నే అడిగిన మనిషి, ఆ బుట్టకి రోజుకి మూడుసార్లు వేడి చూసేవాడు. చల్లగా ఉంటే నా ఉన్ని శాలువా కప్పేవాడు.

"అది మా అమ్మ అల్లిన శాలువా, క్లిఫ్."

"ఈస్టుకి చలి పడదట, మేవిస్. థెల్మా చెప్పింది."

అప్పుడడిగాను, ఎవరా థెల్మా అని. స్టేషన్ రోడ్డులో బీరు సామాను అమ్మే కొట్టు ఆవిడదట. మొగుడు పోయాక ఒక్కతే నడుపుతోందట. బీరు గురించి ఆవిడకి తెలియనిది లేదట. ఇవన్నీ చెబుతున్నప్పుడు క్లిఫ్ ముఖం చూశాను. మిల్లు మూసేశాక ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను. నా వల్ల రాని వెలుగు.

ఇక ఆమె మాటే మా ఇంట్లో చట్టం. ముఖ్యంగా గ్లాసు విషయంలో. మా ఉత్తరపు ఊళ్ళలో బీరంటే పైన రెండు వేళ్ళ మందాన నురుగు నిలవాలి. నురుగు లేని బీరు లండన్ వాళ్ళు తాగుతారు, వాళ్ళ ఖర్మ. గ్లాసుకి సబ్బు తగిలినా, జిడ్డు చెయ్యి తగిలినా నురుగు చచ్చిపోతుందట. అందుకని క్లిఫ్ తన గ్లాసు ఉప్పుతో తోమి, విడిగా బట్టలో చుట్టి పెట్టుకునేవాడు.

"దాన్ని నువ్వు ముట్టుకోకు. నీ చేతికి ఎప్పుడూ కొవ్వే" అన్నాడు ఒకరోజు.

నిజమే, నాకా అలవాటుంది. ఆదివారం కాల్చిన గొడ్డుమాంసం నుంచి దిగిన కొవ్వు గిన్నెలో గడ్డకడుతుంది కదా, దాన్ని రొట్టెకి పూసి ఉప్పు చల్లుకుని పొద్దున్నే తింటాను. మా నాన్న నేర్పిన తిండి. క్లిఫ్ పిత్తాశయం ఆపరేషన్ అయినప్పట్నుంచీ దాన్ని ముట్టడు. వాసనకే ముఖం తిప్పుకుంటాడు. అయినా ఇన్నేళ్ళలో నా చేతిని ఒక్క మాట అనలేదు. థెల్మా వచ్చాక నా చెయ్యి కూడా జిడ్డయిపోయింది.

బడిలో నాతో పనిచేసే బ్రెండా ఊరుకుంటే బాగుండేది. బంగాళాదుంపలు చెక్కుతూ మొదలుపెట్టింది.

"ఒసేయ్ మేవిస్, మీ ఆయన ఈమధ్య రోజూ గడ్డం గీసుకుంటున్నాడే. బూట్లు చూస్తే తళతళ. ఎక్కడికే ఆ షోకు?"

"బీరు కొట్టుకి."

"ఆ థెల్మా కొట్టుకా? అమ్మో! మాటల్తో మాయచేస్తుంది ఆవిడ. ఉద్యోగం లేని మగాడికి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే చాలే, అక్కడే కూలబడిపోతాడు. నాకెందుకులే."

నాకెందుకులే అన్నాక ఇంకో అరగంట చెప్పింది. ఆ రోజు పిల్లల కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆ గురువారం పని అయ్యాక బస్సు ఒక స్టాపు ముందే దిగి స్టేషన్ రోడ్డు మీదుగా నడిచాను. చూడ్డానికే వెళ్ళాను, బుకాయించడం దేనికి. కొట్టు అద్దంలోంచి లోపలంతా కనిపిస్తోంది. క్లిఫ్ కౌంటరు పక్కన చేతులు చాపి నిలబడ్డాడు. ఒక ఆడమనిషి వెనక నుంచి అతనికి గోధుమరంగు కోటు తొడుగుతోంది. మగవాళ్ళ కోటు, పాతది. పోయిన మొగుడిదే అయివుంటుంది. భుజాలు సవరించింది, కాలరు మడిచింది, ఒకడుగు వెనక్కి వేసి చూసి నవ్వింది. క్లిఫ్ కూడా నవ్వాడు. మొగుడి కోటు నా మొగుడికి తొడుగుతోంది! లోపలికి వెళ్ళి జుట్టు పట్టుకోవాలనిపించింది. వెళ్ళలేదు. కూరగాయలు కొనడం కూడా మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

క్లిఫ్ వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కోటు సంగతి తనంతట తనే చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. టీ తాగి, కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"శనివారం క్లబ్బులో బీరు పోటీ ఉంది కదా, అది అయిపోనీ మేవిస్. నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు కాదు. అయ్యాకే చెప్పాలి."

"థెల్మా చెప్పొద్దందా?"

నేను ఎత్తిపొడుపుగానే అన్నాను. అతను మాత్రం నిజంగానే తలూపాడు. "ఊఁ, అలాంటిదే" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళ కాపురం. శనివారం పోటీ అయ్యాక నన్ను వదిలేస్తున్నానని చెబుతాడు. నాకు ఇంకేం అర్థం కావాలి? ఆ పోటీకి న్యాయనిర్ణేత కూడా ఆవిడేనట. ఈయనకి కప్పు ఇచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది కాబోలు.

శనివారం పొద్దున క్లిఫ్ స్నానానికి వెళ్ళాడు. పైన ఈల వేస్తున్నాడు. బల్ల మీద రెండు సీసాలు, బట్టలో చుట్టిన గ్లాసు ఉన్నాయి. పోటీకి ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలి. పక్కన నా కొవ్వు గిన్నె ఉంది. ఒక్క వేలు ముంచాను. గ్లాసు లోపల అంచు చుట్టూ పల్చగా, కంటికి ఆనకుండా పూశాను. మళ్ళీ బట్టలో చుట్టేశాను. నురుగుని ఎలా చంపాలో థెల్మాయే కదా చెప్పింది! చేస్తున్నంతసేపూ హాయిగా ఉంది.

మధ్యాహ్నం క్లబ్బు కిటకిటలాడింది. ఎనభైమంది దాకా ఉంటారు. పోటీదార్లు ఏడుగురు, బల్ల పొడుగునా ఎవరి సీసాల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. థెల్మా నీలం గౌను వేసుకుని ఒక్కొక్కరి దగ్గర ఆగి, రుచి చూస్తూ వచ్చింది. దగ్గర్నుంచి చూస్తే నాకంటే పెద్దదే. అయినా నా మంట తగ్గలేదు.

క్లిఫ్ వంతు వచ్చింది. గ్లాసు వంచి, పసిబిడ్డకి పాలు పట్టినంత నెమ్మదిగా పోశాడు. నురుగు తెల్లగా లేచింది. లేచినంత వేగంగా చిటపటలాడుతూ కూలిపోయింది. పైన గోరంత నురుగైనా మిగల్లేదు.

"ఏం క్లిఫ్, లండన్ నుంచి తెప్పించావా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. క్లబ్బంతా పగలబడి నవ్వింది. క్లిఫ్ చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు వైపే చూస్తున్నాడు, తన కళ్ళని తానే నమ్మనట్టు.

థెల్మా నవ్వలేదు. ఒక గుక్క తాగింది. గ్లాసు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. వేలితో లోపల రాసి చూసింది.

"బీరుకేం లోటు లేదు" అంది. "గ్లాసుకి కొవ్వుంది. గొడ్డుకొవ్వు."

క్లిఫ్ గ్లాసు అందుకుని తనూ వాసన చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఒక్క చూపే. తెలిసిపోయింది అతనికి. ఇప్పుడు నా పేరు చెబుతాడని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నా తప్పే" అన్నాడు క్లిఫ్. "పొద్దున కొవ్వు రాసుకుని రొట్టె తిన్నా. ఆ చేత్తోనే గ్లాసు తుడిచేశా."

ఆపరేషన్ అయిన తర్వాత తొమ్మిదేళ్ళలో ఆ మనిషి కొవ్వు ముట్టలేదు.

థెల్మా అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత అందరికీ వినబడేలా అంది. "క్లిఫ్, ఇవాళ అందరి ముందూ నీ పేరు చెబుదామనుకున్నాను. సోమవారం నుంచి నా కొట్లో నీకు పని అని. జాలిపడి ఇచ్చానని ఎవరూ అనకూడదు, నీ బీరే మాట్లాడాలి, అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పొద్దన్నాను. కొట్లో వేసుకునే కోటు కూడా సరిపోయింది. కానీ కొట్టుకొచ్చే ప్రతివాడికీ నేను మొదట చెప్పేదే గ్లాసు సంగతి. జిడ్డు చేత్తో గ్లాసు తుడిచేవాణ్ణి కౌంటరు వెనక ఎలా నిలబెట్టమంటావు?"

"నిజమే" అన్నాడు క్లిఫ్. అంతే అన్నాడు. ఇంకో మాట అంటే పని దక్కుతుంది, అయినా అనలేదు. సీసాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ పాడైన గ్లాసుని కూడా ఎప్పటిలాగే జాగ్రత్తగా బట్టలో చుట్టాడు.

నేను లేచాను. కుర్చీ కింద పడింది, అందరూ నా వైపు తిరిగారు.

"అబద్ధం చెబుతున్నాడు" అన్నాను. "ఆ కొవ్వు పూసింది నేను."

"మేవిస్, కూర్చో" అన్నాడు క్లిఫ్.

"కూర్చోను. ఈయన గ్లాసు ఉప్పుతో తోముతాడు. నన్ను ముట్టుకోనివ్వడు కూడా. స్నానానికి వెళ్ళినప్పుడు నేనే పూశాను. ఈ వేలితో."

థెల్మా కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "ఎందుకమ్మా?" అంది.

"నువ్వంటే కుళ్ళు నాకు" అన్నాను. "ఇంకెందుకు? పొద్దున లేస్తే నీ పేరు, పడుకోబోతే నీ పేరు. నీ మొగుడి కోటు నా మొగుడికి తొడుగుతుంటే అద్దంలోంచి చూశాను."

వెనక బెంచీలో బ్రెండా ఫక్కున నవ్వింది. ఆ వెంటనే ఎనభైమందీ నవ్వారు. థెల్మా మాత్రం బారు దగ్గరికి నడిచి, ఒక గ్లాసు కడిగి, నీళ్ళు దులిపి, క్లిఫ్ రెండో సీసా తీసి తనే పోసింది. రెండు వేళ్ళ నురుగు నిలబడింది. అది అలాగే ఉండగా, ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి అందరికీ చూపించింది.

"మొదటి గ్లాసే లెక్క. కప్పు ఆ చివర నిలబడ్డ సిడ్‌కి" అంది. "పని మాత్రం క్లిఫ్‌ది."

ఇద్దరం ఇంటికి నడిచాం. మూలమలుపు దగ్గర నేనే అడిగాను.

"నేనేనని తెలిసీ నీ మీదెందుకు వేసుకున్నావు?"

"ఎనభైమంది ముందు నా పెళ్ళాం పరువు తీస్తానా? నువ్వే తీసుకున్నావనుకో, అది వేరే సంగతి." నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఒకటడుగుతాను. నిజంగా కుళ్ళుకున్నావా? నా కోసమా?"

"మరి కాక?"

"పద్నాలుగు నెలలుగా కిటికీ దగ్గర కూర్చున్నవాడి కోసమా?" అని ఇంటిదాకా తనలో తనే నవ్వుకుంటూ వచ్చాడు. నాకు సిగ్గూ, కోపమూ రెండూ వచ్చాయి.

ఇప్పుడు వారానికి మూడు రోజులు క్లిఫ్ కొట్టుకి వెళుతున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి, కాలరు నేనే సవరించి, నా చేతులతో నేనే ఆవిడ దగ్గరికి పంపిస్తున్నాను. సాయంత్రం వచ్చి టీ ముందు కూర్చుని "థెల్మా చెప్పింది" అని మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతనికీ తెలుసు. అందుకే బీరు గ్లాసు మాత్రం రాత్రి పడుకోబోయే ముందు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు.