ఉప్పు దారుల్లో ఆఖరి మధ్యాహ్నం

అమ్మిన వస్తువును అమ్మినవాడే తిరిగి వచ్చి ఎత్తుకుపోతే దానికి ప్రతి భాషలోనూ ఒక పేరు ఉంది. ఆ వస్తువు ఆట అయినప్పుడు మాత్రం ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరెందుకు రాదు?

ఎవారిస్టో కపాంబ్వే ఈ ప్రశ్నను తనకు ఆట అమ్మిన కంపెనీకి రాసి పంపాడు. మీ అభిప్రాయం మాకు అమూల్యమైనదని జవాబు వచ్చింది. మరోసారి రాశాడు. అదే జవాబు, అవే అక్షరాలు. శనివారం ఉదయం, ఎన్డోలా పట్టణపు నీటి పంపుహౌసులో రెండో పంపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నట్టు బిగిస్తున్నప్పుడు కూడా అతని మనసు ఆ జవాబు చుట్టూనే తిరుగుతోంది. ఇరుసు దగ్గర నీరు చుక్కచుక్కగా కారుతూ ఉండాలి. ధారగా కారితే వదులు. అసలు కారకపోతే కాలిపోతుంది. అతను వేలి కొన మీద చుక్కను పట్టి చూసి, పానా తీసి, మోకాళ్ళు నొక్కుకుంటూ లేచాడు. భారీ మనిషి. నీలం ఓవరాల్స్ పొట్ట దగ్గర బిగుసుకుపోయాయి. మోటార్ల హోరులో బతికిన ఎడమ చెవి సగం పనిచేయదు కనుక ఎవరు మాట్లాడినా తల కొద్దిగా తిప్పి కుడి చెవి అప్పగిస్తాడు.

"అన్నా, ఇవాళేగా నీ రాజ్యం మూసేసేది?" క్లోరిన్ గది గుమ్మంలో నిలబడి తోటి ఉద్యోగి కసుబా అడిగింది. "చీకటి పడ్డాక వచ్చి ఏడవమంటావా, ఇప్పుడే ఏడ్చి పోమంటావా?"

"మూసేది రాజ్యాన్ని కాదు, తలుపుని. రాజ్యం నా కంప్యూటర్లోనే ఉంటుంది. నన్ను లోపలికి పోనివ్వరు, అంతే."

"అందరిలాగా ఆ ఆటకు వచ్చిన కొత్త విస్తరణ కొనుక్కోరాదూ?"

"అది నా కంప్యూటర్ని నడిపే లైనక్స్‌లో నడవదు."

"అయితే ఆ లైనక్సే తీసి పారెయ్."

"కుర్చీ గుమ్మంలో పట్టలేదని ఇల్లు కూలగొట్టుకోమంటావేంటి?"

"అబ్బో! నీకంటే మా ఆయన నయం. తాగుతాడు, పడుకుంటాడు, రాజ్యాలు అడగడు."

ఎవారిస్టో నవ్వలేదు. అతని కళ్ళు గేటు మీద ఉన్నాయి. తర్వాతి షిఫ్టు మనిషి ఇంకా రాలేదు. అతను వస్తే తప్ప పంపును వదిలి కదలడానికి వీల్లేదు.

ఆ ఆట పేరు 'ఉప్పు దారులు'. రాజ్యాలు కట్టి, దారులు వేసి, సైన్యాలు నడిపే ఆట; ఒకరి ఎత్తు తర్వాత మరొకరి ఎత్తు. దాని గురించి ఎవారిస్టోకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, అడగనివారికి కూడా చెబుతాడు. మొదట నావలు లేని సముద్రాన్ని అమ్మారు. ఏడాది తిరక్కుండా నావలను విడిగా అమ్మారు. ఆ తర్వాతి విస్తరణ వానలను తెచ్చింది. అది మంచి పని అని అతనే ఒప్పుకుంటాడు, ఎందుకంటే నదులు పొంగితే సేనాపతి ఎంతటివాడైనా ఒడ్డున కూర్చోవలసిందే. మూడోది మాత్రం దొంగదెబ్బ. అంతవరకు ఇద్దరు మనుషులు నేరుగా ఒకరి యంత్రానికి మరొకరు కలుపుకుని ఆడుకునేవారు. ఇకపై కంపెనీ సర్వర్ గుండానే రావాలన్నారు. ఒకడు కొంటే రెండోవాడూ కొని తీరాలి, లేకపోతే ఆట ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోనివ్వదు. స్నేహాన్ని పట్టుకుని మెడ వంచే ఈ పద్ధతిని వ్యాపారం అంటారు. ఇప్పుడు నాలుగో విస్తరణ కొననివారికి ఆ సర్వర్ కూడా ఈ సాయంత్రంతో ఆఖరు.

ఒంటరిగా కంప్యూటరుతో ఆడుకోవచ్చు కదా అంటారు కొందరు. ఎవారిస్టో అది ఆటగా లెక్కించడు. కంప్యూటరు బలాలు తూచి, తనది తగ్గితే సంధి కోరుతుంది. దానికి పగ లేదు, పరువు లేదు. మనిషి ఓడిపోతానని తెలిసి కూడా ఒక రేవును వదలడు. లాక్సన్ షావా వదలలేదు.

లాక్సన్ ఇదే పంపుహౌసులో పనిచేసి, రిటైరై, పగలంతా బస్సులో కూర్చుంటే తప్ప చేరలేని చిపాటాకు వెళ్ళిపోయాడు. అతను ఎంగోనీ, ఎవారిస్టో బెంబా. వీళ్ళ ముత్తాతలు ఒకరినొకరు నరుక్కున్నారు. గెలిచింది మేమేనని రెండు తెగలూ నేటికీ చెప్పుకుంటాయి. అందుకే ఈ ఇద్దరి మధ్యా తిట్టుకునే చుట్టరికం ఉంది. పెళ్ళిలోనైనా, శవం పక్కనైనా ఎగతాళి చేయవచ్చు. కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. ఎంగోనీల నోట్లో బెంబాలంతా కోతిమాంసం తినేవాళ్ళే. ఆటలో ఉప్పు రేవు లాక్సన్‌ది. ఏళ్ళుగా ఎవారిస్టో దాన్ని ముట్టడిస్తూనే ఉన్నాడు. ఇవాళ తేలకపోతే అది ఇక ఎన్నటికీ తేలదు.

ఫోన్ మోగింది. లాక్సనే.

"ఏరా కోతిమాంసం బావా, బయల్దేరావా?"

"షిఫ్టువాడు రాలేదు."

"రాడు. నా మనిషే వాడు. లంచం ఇచ్చాను."

"మీవాళ్ళు యుద్ధం ఎప్పుడు నేరుగా చేశారు గనక!"

"వాగకు. ఇక్కడ కరెంటుంది. మీకు?"

"ఉంది. రెండు ఊళ్ళకీ సాయంత్రం దాకా ఉంటుందని విద్యుత్తువాళ్ళు చెప్పారు."

"చెప్పారు!" అని లాక్సన్ గట్టిగా నవ్వి ఫోన్ పెట్టేశాడు.

షిఫ్టు మనిషి గాలి పోయిన సైకిలును చేత్తో తోసుకుంటూ ఎండ నడినెత్తికి వచ్చాక చేరాడు. ఎవారిస్టో అతన్ని ఒక్క మాట అనకుండా దాటి, మినీబస్సు వెనక సీటులో ఇరుక్కుని ఇంటికి చేరాడు. పొద్దుటి చల్లటి న్షిమాను, ఆ మొక్కజొన్న ముద్దను, ఎండుచేపల పులుసులో అద్దుకుని నిలబడే తిన్నాడు. చేతులు తుడుచుకుని యంత్రం ముందు కూర్చున్నప్పుడు, పైనున్న బల్బు వైపు ఒకసారి చూశాడు. వెలుగుతోంది.

లాక్సన్ అప్పటికే లోపల ఉన్నాడు. తెర అడుగున అతని మాట కనిపించింది: "రా బావా, రేవులో నీళ్ళు వేడిగా ఉన్నాయి."

వాళ్ళు ఆడారు. ఎవారిస్టో ఉత్తరపు కొండల్లోంచి ఏనుగులను దింపాడు. లాక్సన్ వంతెన తగలబెట్టాడు. ఎవారిస్టో నావలు తెప్పించాడు. లాక్సన్ రేవు ముఖద్వారంలో తన పాత పడవలనే ముంచి దారి మూశాడు. బల్బు ఒకసారి మిణుకుమంది. నిలిచింది. ఆటలో వానలు ఆలస్యమై నది తగ్గడంతో, ఏళ్ళ తర్వాత మొదటిసారి రేవు గోడ దాకా దారి తెరుచుకుంది. అతను సైన్యాన్ని గోడ కింద నిలబెట్టి ఎత్తు అప్పగించాడు. ఇక లాక్సన్ వంతు.

లాక్సన్ ఎత్తు రాలేదు.

చిపాటాలో కరెంటు పోయిందని ఎవారిస్టో అనుకున్నాడు. కరెంటు రోజూ పోయే మా ఊళ్ళలో అవతలివాడు మాట్లాడకపోతే ఎవరైనా అదే అనుకుంటారు. ఫోన్ చేసి అడిగితే, కంగారుపడ్డావని జీవితాంతం ఎగతాళి చేస్తాడు. అతను టైపు చేశాడు: "పారిపోయావా? మీ తాతల అలవాటేగా." కాసేపాగి: "లే, ముసలి ఎద్దూ. గోడ కింద ఎండలో మావాళ్ళు మాడిపోతున్నారు." ఇంకాసేపాగి: "చచ్చావనుకుని రేవు తీసుకోమంటావా?"

తెర మీద ఒక వాక్యం వచ్చింది: ప్రత్యర్థి స్పందించడం లేదు. కరెంటు పోతే ఆట ఆ మాట అనదు; సంబంధం తెగిపోయిందని అంటుంది. ఆ రెండింటికీ తేడా ఎవారిస్టోకు తెలుసు. లాక్సన్ పేరు పక్కనున్న ఆకుపచ్చ గుర్తు చెక్కుచెదరలేదు. అతను అది చూశాడు. చూసి, విద్యుత్తువాళ్ళను తిట్టుకున్నాడు.

గడువు దాటగానే కంప్యూటరు లాక్సన్ స్థానంలో కూర్చుంది. కూర్చున్న మరుక్షణమే సంధి కోరింది. రేవు అప్పగిస్తాను, ఏటా ఉప్పు కప్పం కడతాను.

ఎవారిస్టో చేయి ఆగిపోయింది. ఔనని ఒక్కసారి నొక్కితే యుద్ధం అతనిది. తెర మూలన సర్వర్ మూసే వేళ తరిగిపోతోంది. "నీతో కాదు నా తగువు," అన్నాడు పైకి, ఖాళీ గదిలో, కాదు అని నొక్కుతూ. కంప్యూటరు మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ కాదన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని లాక్సన్ తిరిగి వస్తాడని కూర్చున్నాడు. పొద్దు గుంకేవేళకు సర్వర్ ఆగి తెర మీద రాజ్యం నల్లబడింది, అడుగున మాటలు మాత్రం మిగిలాయి. పైన బల్బు వెలుగుతూనే ఉంది.

అప్పుడు లాక్సన్ భార్య ట్రైనెస్ ఫోన్ చేసింది. బజారు నుంచి వచ్చేసరికి ఆయన కుర్చీలో ముందుకు వాలి ఉన్నాడట. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందట. ఆసుపత్రిలో, కాస్త ముందు తెచ్చి ఉంటే, అన్నారట.

మర్నాడు పగలంతా బస్సులో కూర్చుని అతను చేరేసరికి, చిపాటాలో ఆ ఇంటి ముంగిట ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఎవారిస్టోను చూడగానే ఏడుపు తగ్గింది. అందరూ అతని నోటి వైపు చూశారు. బెంబా బావ వచ్చాడు, ఇక శవాన్ని తిట్టాలి, నవ్వించాలి, గోతిలో పడుకుని, కప్పం కడితేనే లేస్తానని మొండికేయాలి. అది అతని హక్కు, అతని పని కూడా.

"తిట్టు బావా," అంది ట్రైనెస్. "నీ తిట్లు లేకుండా ఆయన్ని ఎట్లా పంపను?"

అతను నోరు తెరిచాడు. ఆయన ఆడిన యంత్రం ఎక్కడుందని మాత్రం అడిగాడు. ఆమె అతని చేయి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తెర మీద అతను పంపిన వాక్యాలు ఒకదాని కింద ఒకటి అలాగే ఉన్నాయి. చావు ఇంట్లో అనవలసినవన్నీ అతను ముందే అనేశాడు. మొదటిది చదవడానికి ఆ మనిషికి ఊపిరి ఉందో లేదో చెప్పగలవారు ఎవరూ లేరు.

"కరెంటు పోలేదా?" అని అడిగాడు.

"పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. అయితే ఏం? నీతో ఆట ఆగకూడదని పొద్దున్నే దీన్ని కొనుక్కొచ్చాడు. బావ చేతిలో ఓడితే ఓడతాను గానీ కరెంటు చేతిలో ఓడనన్నాడు."

బల్ల కింద, ప్లాస్టిక్ కాగితం కూడా సరిగా విప్పని కొత్త బ్యాటరీ మీద చిన్న దీపం నిశ్చలంగా వెలుగుతోంది. మీ మనిషి ఎవరైనా మాటకు మాట ఇవ్వకపోతే కరెంటు పోయిందనుకుని కూర్చోకండి, ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చేయండి.