గుల్లలో గాలి

ఖాసిం తాగి పడి సచ్చిండని నల్లా కాడ లస్మవ్వ చెప్పిందట. లస్మవ్వకు కిరాణం ఆయన చెప్పిండట, ఆయనకు షెడ్డు కాంట్రాక్టరు డ్రైవరు. చాయ్ మరిగేలోపే మందమర్రి కాలనీ అంతా ఆ మాట తిరిగొచ్చింది.

జమునకు ఒళ్లు మండింది. షెడ్డుల ఖాసిం పక్కన గ్రైండింగు పట్టేది ఆమెనే. దావత్‌ల సీసా కనబడితే కుర్చీ జరుపుకునే మనిషి ఖాసిం.

ఆ షెడ్డుల గని పంపులకు లోపల బోలుగుండే మనిషెత్తు ఇనుప గుల్లలు తయారైతయి. అచ్చు లేదు, పోత లేదు. రోబో మరచెయ్యి ఇనుప తీగను కరిగించుకుంట పొర మీద పొర పేర్చుకుంట పోతది. బయటి గాలి తగిలితే పొర పాడైతదని తలుపులు మూసి ఆర్గాన్ వాయువు వదులుతరు. దానికి రంగు లేదు, వాసన లేదు. బరువు ఎక్కువ, గుల్ల అడుగుకు దిగి కూసుంటది, అండ్ల మనిషికి ఊపిరాడదు. పంకా పెట్టి తోలినంకనే మనిషి దిగాలె. టైం పోతదని కాంట్రాక్టరు గోపాల్‌రావు నిన్న పంకా పెట్టనియ్యలే. లోపల నునుపు చేసెతందుకు దిగిన ఖాసిం మళ్ల లేవలే. శవాన్ని బయటికి గుంజి, అదే గుల్ల మీద మర మళ్ల నడిపిండ్రు.

ఇయ్యాల పొద్దుగాల్నే గోపాల్‌రావు వచ్చిండు. "సంపత్, దిగురా. గుల్లకు లారీ వస్తున్నది."

షెడ్డుల పనిచేసే సంపత్ గుల్ల నిచ్చెన మీద కాలు పెట్టిండు. జమున అంగి పట్టి గుంజింది. "ఆగు తమ్మీ."

అయ్యనో తాతనో బొగ్గుబాయిల దిగని ఇల్లు మందమర్రిల లేదు. చెడ్డగాలి ఉన్నకాడ దీపం నిలువదని అందరు విన్నదే. జమున గుడ్డపీలిక నూనెల ముంచి అంటించి, తీగకు కట్టి గుల్లల దించింది. నడుమ దాక పోయి మంట ఆరింది. మళ్ల అంటించింది. మళ్ల ఆరింది.

"గీ మంట గూడ తాగిందా సారూ?" అన్నడు ఇంకో పనోడు హనుమండ్లు.

పనోళ్లు ఒకలెనుక ఒకలు గ్రైండింగు మిషన్లు కింద పెట్టిండ్రు. తలుపులు బార్ల తెరిచి గడపల కూసున్నరు.

గోపాల్‌రావు ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. "ఎవరు ఎగదోసిండ్రు వీళ్లను?" అన్నడు ఎస్సై.

"ఖాసిం" అన్నరు నలుగురైదుగురు.

"పంకా పెట్టాలె. తాగి సచ్చిండన్న మాట వాపస్ తీసుకోవాలె. గప్పటిదాక మర నడవది" అన్నడు సంపత్.

"పనిదొంగ మాటలు సార్ ఇవి" అన్నడు గోపాల్‌రావు ఎస్సైతోటి. "లోపల మంచి గాలే ఉన్నది."

జమున లేచింది. నిచ్చెనను ఈడ్చుకొచ్చి అతని ముందట ఆనించింది.

"అయితే నువ్వు దిగు."